చెరిపేసిన పిల్లి

“నేను చెప్పింది ఒకటి, నువ్వు కొట్టింది ఇంకొకటి!”

మిరపకాయ అరుపుకి కంప్యూటర్ గదిలో తలలన్నీ అటు తిరిగాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడ్ అది. పైన ఫ్యాను తిరుగుతోంది గాని గాలి కిందికి రావడం లేదు.

“నువ్వు చెప్పిందే కొట్టాను,” అన్నాడు పక్క కుర్చీలోని నిదానం.

ఇద్దరికీ ఆ పేర్లు ఊరికే రాలేదు. ఆ అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ అబ్బాయి ఏ పనైనా ఆలోచించి ఆలోచించి చేస్తాడు. చెప్పులు తొడుక్కునేటప్పుడు కూడా ముందు ఏ కాలు పెట్టాలా అని ఆగుతాడని క్లాసులో జోకు.

ఇద్దరినీ ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది కంప్యూటర్ టీచర్. ఆవిడ పద్ధతి ఆవిడది. జంటలో ఒకరు నోరు, ఒకరు చేయి. నోరు చెప్పాలి, మౌసు ముట్టుకోకూడదు. చేయి విన్నది విన్నట్టు చేయాలి, సొంత తెలివి వాడకూడదు. మర్నాడు నోరు చేయి అవుతుంది, చేయి నోరవుతుంది.

“మీ మనసులో ఏముందో కంప్యూటర్‌కి తెలీదు. మీరు చెప్పిందే దానికి తెలుసు. ముందు పక్కవాళ్ళకి సరిగ్గా చెప్పడం నేర్చుకోండి,” అంటుంది ఆవిడ.

తెర మీద చిన్న బాణం ఉంటుంది. ‘ముందుకు వంద’ అనే బ్లాకు పెడితే గీత గీసుకుంటూ ముందుకు పోతుంది. ‘ఎడమకి తొంభై’ అంటే పక్కకి తిరుగుతుంది. బ్లాకుల్ని ఒకదాని కింద ఒకటి తగిలించుకుంటూ పోతే బొమ్మ తయారవుతుంది. రేపు ఒకటో తరగతి పిల్లలు ఈ గదికి వస్తారు. ప్రతి జంటా వాళ్ళకి ఒక బొమ్మల ఆట చూపించాలి.

వీళ్ళ ఆటలో ఒక మీట నొక్కితే బాణం ఇల్లు గీస్తుంది. ఇంకో మీట నొక్కితే గుమ్మంలో పిల్లిని గీస్తుంది. పిల్లి నిదానం పని. ఆటల పీరియడ్లు మానుకుని, ఒక్కడే కూర్చుని చేశాడు. చెవులు, మీసాలు, వంకీ తిరిగిన తోక, అన్నీ కుదిరాయి. వాడి చెల్లి ఒకటో తరగతే. దానికి పిల్లిని చూపిస్తానని మాటిచ్చాడు. అది గేటు దగ్గర కనిపించిన వాళ్ళందరికీ “మా అన్న పిల్లిని చేశాడు” అని చెప్పుకుంటూ తిరుగుతోంది.

ఇల్లు మిరపకాయ వంతు. గోడలు వచ్చాయి. కప్పే రావడం లేదు.

“ముందుకు వంద అన్నాను. ఎడమకి అరవై అన్నాను. మళ్ళీ ముందుకు వంద, ఎడమకి అరవై, ముందుకు వంద. అయిపోయిందిగా త్రిభుజం!”

“అంతే పెట్టాను. చూసుకో.”

“పెడితే ఇదేంటి మరి?”

గోడల మీద కప్పు లేదు. కొడవలిలాంటి గీత ఒకటి వంగి, గాలిలో ఆగిపోయి ఉంది.

“త్రిభుజంలో మూల అరవై. లెక్కల సార్ చెప్పారు. అంటే సార్‌కి రాదంటావా?”

“సార్ సంగతి నాకెందుకు? ఒకసారి నేల మీద నడిచి చూద్దాం. టీచర్ అలాగే చూసుకోమన్నారుగా.”

“నువ్వు నడిచి వచ్చేసరికి పెద్ద పరీక్షలొస్తాయి!”

వెనక కుర్చీల వాళ్ళు కిసుక్కుమన్నారు. వాళ్ళలో ఒకడు, “ఏం మిరపకాయా, వానొస్తే మీ ఇంట్లో గొడుగేసుకుని పడుకోవాలా?” అన్నాడు.

దాంతో ఆ పిల్లకి ఒళ్ళు మండిపోయింది.

“జరుగు,” అంది నిదానంతో.

“నువ్వు నోరు. మౌసు ముట్టుకోకూడ...”

“జరగమంటే!”

మౌసు లాక్కుంది. బ్లాకులన్నిటినీ ఒక్క చుట్టు చుట్టి, తెర మూలనున్న చెత్తబుట్టలోకి ఈడ్చేసింది. “మొత్తం మొదటినుంచీ నేనే చేసుకుంటా,” అంటూ సేవ్ నొక్కింది. నొక్కాక చూసింది. తెల్లటి తెర మీద బాణం ఒక్కటే ఉంది. గోడలు లేవు, కొడవలి గీత లేదు.

పిల్లి కూడా లేదు.

నిదానం పిల్లి మీట నొక్కాడు. ఏమీ రాలేదు. ఇంకోసారి నొక్కాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. లేచి, సంచీ తీసుకుని, కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీలోకి పోయి కూర్చున్నాడు.

వాడు తిట్టినా బాగుండేదనిపించింది మిరపకాయకి. తిడితే తిరిగి తిట్టొచ్చు.

టీచర్ వచ్చింది. “మౌసు ఎవరి చేతిలో ఉంది?”

“వాడు తప్పు కొట్టాడు టీచర్!”

“నేనడిగింది అది కాదు.”

“నా చేతిలో.”

“సేవ్ చేశావా?”

“చేశాను.”

టీచర్ వంగి, అటూ ఇటూ వెతికి, నడుం నిలబెట్టింది. ఆవిడ అరవలేదు గాని, మాటలు ఒక్కొక్కటీ కొరికి వదిలినట్టు వచ్చాయి. “పాతది రాదు. పోయింది పోయినట్టే. రేపు పొద్దున గంటకి ముందే గది తీసి ఉంచుతాను. ఏం చేసుకుంటారో మీ ఇష్టం. వాడు నీ పక్కన కూర్చోనంటే మాత్రం, కూర్చోమని నేను చెప్పను.”

*

ఇంటికి రాగానే మిరపకాయ తలుపుని గోడకేసి కొట్టింది.

“ఆ తలుపేం చేసిందే నిన్ను?” అంది అమ్మ. అమ్మ మందుల షాపులో పొద్దస్తమానం నిలబడి వస్తుంది. వచ్చాక కాసేపు వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. ఆ కాసేపూ ఇంట్లో చప్పుడు కాకూడదు.

“అంతా వాడే చేశాడు!”

“ఎవడు?”

“నిదానం.”

“వాడు తప్పు చేయాలన్నా సాయంత్రం దాకా ఆలోచిస్తాడు కదే!”

సోఫాలో బోర్లా పడుకున్న అన్నయ్య పకపకా నవ్వాడు. మిరపకాయ వాడి కాలు పట్టుకుని కిందికి లాగింది.

“లే. నువ్వు బాణానివి. నేను చెప్పినట్టు నడువు. నాది తప్పో వాడిది తప్పో ఇప్పుడే తేలిపోతుంది.”

“బాణాన్నా? బాణం గారికి ఏమిస్తావు?”

“లేస్తావా, లేవవా?”

అన్నయ్య లేచి, కళ్ళు మూసుకుని, చేతులు ముందుకు చాపి నిలబడ్డాడు.

“ముందుకు నాలుగు అడుగులు. ఆగు. ఎడమకి అరవై.”

“అరవై అంటే ఎంతే? నేనేమన్నా గడియారాన్నా?”

“పూర్తిగా పక్కకి తిరిగితే తొంభై. దానికన్నా కొంచెం తక్కువ తిరుగు.”

తిరిగాడు. మళ్ళీ నాలుగు అడుగులు వేయమంటే వేశాడు. ధడేల్‌మని ఫ్రిజ్‌కి తగిలాడు. పైనున్న గిన్నె ఒకటి కిందపడి, గిరగిరా తిరిగి, బకెట్ దాకా పోయింది.

“ఇద్దరికీ వీపులు పగుల్తాయి!” అంది అమ్మ.

“అటెక్కడికిరా పోయావు? తిరిగి బయలుదేరిన చోటికి రావాలి నువ్వు!” అని అరిచింది మిరపకాయ.

అన్నయ్య నుదురు రుద్దుకున్నాడు. వాడి ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు. “నువ్వు చెప్పినట్టే కదే నడిచాను! నుదురు బొప్పి కట్టించుకుని మరీ నడిచాను. మళ్ళీ నన్నే అంటావేం?”

మిరపకాయకి నిదానం గుర్తొచ్చాడు. ఈ మాట ఇవాళ ఒకసారి విన్నదే.

అన్నయ్యని పక్కకి నెట్టి తనే నడిచింది. నాలుగు అడుగులు వేసి ఆగింది. ఇక్కణ్ణించి త్రిభుజం కొన ఎక్కడుండాలి? వెనకాల, పక్కగా, టీవీ ఉన్న వైపు. అటు తిరగబోయింది. ఒళ్ళు పక్కకి తిరిగింది, అయినా చాల్లేదు. తొంభై దాటి ఇంకా తిరగాల్సి వచ్చింది.

మూల లోపలివైపు అరవై. నిజమే. కానీ నడిచేవాడు తిరిగేది బయటివైపు. తిన్నగా పోయే గీతకి నూట ఎనభై. అందులో అరవై తీసేస్తే నూట ఇరవై.

లెక్కల సార్ తప్పు లేదు. నిదానం తప్పు లేదు. ఇంక మిగిలింది ఒక్కరే. ఆ ఒక్కరి మీద అరవడం కుదరదు. మిరపకాయ వంటింట్లోకి పోయి, తోమేసిన పళ్ళేలనే మళ్ళీ టకటకా తోమింది.

*

పొద్దున గది తలుపు తీసి ఉంది. నిదానం నిన్నటి కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాడు. కంప్యూటర్ ఇంకా ఆన్ చేయలేదు.

మిరపకాయ ఎదురుగా పోయి నిలబడింది. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు గబగబా అనేసింది. “నిన్నటి తప్పు నాదే. అరవై కాదు, నూట ఇరవై పెట్టాలి. నువ్వు కరెక్టుగానే కొట్టావు. ఇప్పుడు కప్పు ఇట్టే వచ్చేస్తుంది.”

పోన్లే అంటాడనుకుంది. వాడు చేతిలో ఉన్న సంచీని బల్ల మీద విసిరికొట్టాడు.

“కప్పు ఎవడిక్కావాలి? నా పిల్లేది?”

మిరపకాయ ఒక అడుగు వెనక్కి వేసింది.

“తిట్టావు, ఊరుకున్నాను. నీ వల్ల అందరూ నవ్వారు, ఊరుకున్నాను. పిల్లి ఏం చేసింది నిన్ను? మా చెల్లి పొద్దున జడ వేయించుకుంటూ కూడా పిల్లి గురించే అడిగింది. నేను తల దువ్వుకుంటున్నట్టు అద్దంలోకి చూస్తూ నిలబడ్డాను. దానికి నన్నేం చెప్పమంటావు? నువ్వొచ్చి చెబుతావా?”

వాడు ఇంత వేగంగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ముక్కుపుటాలు అదురుతున్నాయి. నిన్న తెర దగ్గర మింగేసిందంతా ఇప్పుడు బయటికి వస్తోంది.

‘అరిచింది చాల్లే’ అనే మాట మిరపకాయ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపింది. నిన్న సాయంత్రమంతా ఆమె కప్పు గురించే ఆలోచించింది. పిల్లి ఒక్కసారైనా గుర్తుకు రాలేదు.

“నువ్వు నోరు, నేను చేయి. పిల్లిని మళ్ళీ చేద్దాం,” అంది.

“నీతో నేను చేయను.”

“నాతో చేయొద్దు. నా చేత చేయించు.”

మిరపకాయ పోయి తమ కంప్యూటర్ ఆన్ చేసి, దాని ముందు కూర్చుంది. బయట ఆయా వరండా ఊడుస్తున్న చీపురు చప్పుడు వినిపిస్తోంది. చివరికి వాడు కుర్చీ ఈడ్చుకుని వచ్చి, మధ్యలో ఇద్దరు పట్టేంత ఎడం వదిలి కూర్చున్నాడు.

“ముందుకు...” అన్నాడు. ఆలోచించాడు. “నలభై.”

పెట్టింది.

“కుడికి...”

మిరపకాయ వేళ్ళు మౌసు మీద గిజగిజలాడాయి. తొంభై అని ఆమెకి ముందే తెలుసు. పెట్టేస్తే పోతుంది. పళ్ళు బిగించుకుంది.

“తొంభై,” అన్నాడు వాడు.

ఒక చెవి తప్పొచ్చింది. కళ్ళు మూతి కిందికి దిగాయి. “నువ్వే సరిగ్గా చెప్పలేదు” అనలేదు మిరపకాయ. “దీన్ని తీసేయనా, ఉంచనా?” అని మాత్రం అడిగింది. వాడు ఉంచమన్నది ఉంచింది, తీయమన్నది తీసింది. ఇల్లు మొదలుపెట్టనే లేదు. మీసాల దాకా వచ్చేసరికి గంట కొట్టారు.

ఒకటో తరగతి పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరసగా వచ్చారు. అందరికన్నా ముందు ఒక రెండు జడల పిల్ల వరస తెంచుకుని ఉరికింది.

“అన్నా, పిల్లేది?”

నిదానం మీట నొక్కాడు. బాణం గుండ్రటి తల, చెవులు, ఒళ్ళు, నాలుగు కాళ్ళు, మీసాలు గీసి ఆగిపోయింది.

చెల్లి తెర దగ్గరికి ముఖం పెట్టి చూసింది. “తోకేది?”

“మిరపకాయ కొరికేసింది!” అన్నాడు నిన్నటి గొడుగువాడు. గది గొల్లుమంది. మిరపకాయ పిడికిలి బిగుసుకుంది.

“తోక... టైం సరిపోక...” అని మొదలుపెట్టాడు నిదానం.

“అది కాదు,” అంది మిరపకాయ. నవ్వు ఆగేలా, గట్టిగానే అంది. “మీ అన్న నిన్ననే మొత్తం చేసేశాడు. తోక కూడా ఉండేది. నేను చెరిపేశాను.”

“ఎందుకు చెరిపావు?”

“కోపం వచ్చింది.”

“పిల్లి మీదా?”

“కాదు.”

“మా అన్న మీదా?”

“కాదు.”

“మరి ఎవరి మీద?”

చెల్లి చేతులు కట్టుకుని కింద పెదవి ముందుకు పెట్టింది. “నాకిప్పుడు నీ మీద కోపం వచ్చింది.”

“వస్తుంది మరి,” అంది మిరపకాయ. కుర్చీ కొంచెం పక్కకి జరిపి చోటిచ్చింది. “తోక నువ్వు చెప్పు. నువ్వెలా చెబితే అలా గీస్తాను.”

చెల్లి అన్న వైపు చూసింది. అన్న తలూపాడు. అది కట్టుకున్న చేతులు విప్పకుండానే, కోపం దింపకుండానే మొదలుపెట్టింది.

“ముందుకి.”

“ఎంత?”

“బోలెడు.”

“యాభై పెట్టనా?”

“ఇంకా!”

“వంద?”

“ఇంకా!”

పెట్టింది. తోక పిల్లికన్నా పొడుగైపోయి, తెర అంచు దాకా పాకింది.

“ఇప్పుడు పైకి,” అంది చెల్లి.

వెనక ఎవరో, “అది తోకా, బట్టలారేసే తాడా? నువ్వే చక్కగా గీసేయరాదా?” అన్నారు.

తోక ఎక్కడ వంగాలో, ఎంత వంగాలో మిరపకాయకి కనిపిస్తూనే ఉంది. మౌసు తన చేతిలోనే ఉంది.

“పైకి ఎంత?” అని అడిగి, చెల్లి ఆలోచించుకునేదాకా వేలు గాల్లో పట్టుకుని కూర్చుంది.