చేపల పులుసు తేదీ

మంజీర ఆ రోజు ముప్పయ్యో సాక్ష్యాన్ని శోధిని యంత్రానికి వినిపించింది. ధ్రువం దాపున ఉన్న ఆ ఊళ్ళో ఆమె కొలువు అదే. ఉప్పునీరు మింగిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, తమ దగ్గర ఋతువు ఎప్పుడు విరిగిందో చెబుతారు. యంత్రం నమ్మితే ఋతునిర్వాసితులన్న ముద్ర, ఉండడానికి చోటు. నమ్మకపోతే తిరుగు ఓడ.

ముప్పై ఒకటో రికార్డు ఆమె సొంత నాయనమ్మ నాంచారమ్మది.

"మావోడు పుట్టిన ఏడు మృగశిర కార్తె వచ్చినా చినుకు రాల్లేదయ్యా. అది మొదలు ఏ ఏడూ సరిగా పళ్ళేదు."

"తేదీ లేదు. జానపదం. తిరస్కృతి," అంది శోధిని. సవరణకు గడువు ఆ సాయంత్రం ఐదు.

మంజీరకు ఒళ్ళు మండింది. యంత్రం మీద కాదు, ముసలమ్మ మీద. తేదీ చెప్పవే అని నెల్లాళ్ళుగా పోరుతోంది. తను బళ్ళో నేర్చిన వాతావరణమంతా గీతలు, డిగ్రీలు. ఈవిడదేమో నక్షత్రాలు! ఆకలి కూడా తోడై గిన్నె మూత తీసింది. చేపల పులుసు.

"మృగశిర నాడు చేపలు తినకపోతే ఎట్టాగే!" అంటూ పొద్దున్నే వండి కట్టింది మహాతల్లి. నిరుడూ ఇంతే. పులుసు వాసన భరించలేమని పక్క బల్లవాళ్ళు ఫిర్యాదు కూడా చేశారు.

మంజీర చెయ్యి ఆగింది. సొరుగులోంచి ఆ ఫిర్యాదు కాగితం తీసింది. జూన్ ఎనిమిది. ఇవాళా జూన్ ఎనిమిదే.

వెంటనే ఫోను చేసింది. "నాయనమ్మా, కార్తెలు ఏటా అదే రోజు వస్తాయా?"

"ఓసి పిచ్చిమొహమా, కార్తె సూర్యుణ్ణి పట్టుకుని నడుచుద్ది. మహా అయితే ఒక రోజు అటూ ఇటూ."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా!"

ఆవిడ కొడుకు పుట్టిన ఏడు ఎలాగూ కాగితాల్లో ఉంది. దొంగచాటుగా ఒక్క తేదీ దిద్దితే నాయనమ్మ గట్టెక్కుతుంది, ఎవరికీ తెలియదు. కానీ తిరస్కృతుల్లో కార్తెలు చెప్పినవాళ్ళు ఇంకా నాలుగు వందల మంది ఉన్నారు. అందరికీ తేదీ రావాలంటే శోధిని కాలపట్టికే మార్చాలి. దాన్ని ముట్టుకున్న గుమాస్తాకు మర్నాడు కుర్చీ ఉండదు.

మంజీర పులుసు చెయ్యి తుడుచుకుని పట్టిక తెరిచింది. మృగశిర, జూన్ ఎనిమిది, అని రాసింది.

శోధిని తెర మీద నాంచారమ్మ పేరు పక్కనుంచి తిరస్కృతి పోయింది. వెనకే మరో పేరు, ఇంకో పేరు. తర్వాత, ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని ఆ యంత్రం అడిగింది: "మృగశిర తర్వాత ఏమిటి?"

మంజీర మళ్ళీ ఫోను చేసింది. "నాయనమ్మా, ఇది మిగతా కార్తెలు అడుగుతోందే!"

"అడిగిందా? అయితే కూర్చోమను. ఇరవై ఏడూ చెప్తా."