పదమూడు కోట్ల వృత్తాలు

“పంతులుగారూ, క్షమించాలి. మీ సంఖ్య తప్పు!”

బరంపురం తెలుగువారి సభలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఇరవై ఆరక్షరాల పాదం వరకు గల పద్యవృత్తాలు పదమూడు కోట్ల నలభై రెండు లక్షల పదిహేడు వేల ఏడు వందల ఇరవై ఆరని నీలకంఠం పంతులుగారు అప్పుడే సెలవిచ్చారు. లేచి నిలిచినవాడు గణితోపన్యాసకుడు సూర్యారావు.

“ప్రతి అక్షరమూ లఘువో గురువో కావాలి. అక్షరం పెరిగినకొద్దీ లెక్క రెట్టింపవుతుంది. రెండ్లను మాత్రమే హెచ్చించగా వచ్చిన సంఖ్యను మూడు నిశ్శేషంగా భాగించదు. మీ అంకెలు కూడితే ముప్పైమూడు. మూడు భాగిస్తోంది!”

పంతులుగారు వేదిక దిగిపోయారు.

ఆయన కుమార్తె రామతులసికీ ఈ సూర్యారావుకూ మరునాడే తాంబూలాలు. ఎం.ఏ. గణితం చదువుతున్న ఆమె, వానజల్లులో చూరు కింద అతణ్ణి నిలవేసింది. కోపం వస్తే ఆమె నోట పుస్తకాల భాష నిలవదు.

“ఏటి మాస్టారూ, ఆ తొందరేటి? రేపు తాంబూలాలన్న సంగతి గుర్తుందా?”

“లెక్క లెక్కే కదా, తులసీ!”

“అవున్లెండి. ఇరవై ఆరక్షరాలవి ఒక్కటే లెక్కెట్టి, అంతకన్నా సిన్నవాటిని వానలో వదిలేసేరు. అవేటి, సవతి పిల్లలా?”

సూర్యారావు వేళ్ళు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు. రెండు, నాలుగు, ఎనిమిది... అన్నీ కూడాలి!

“అయ్యో! మూడు భాగిస్తుంది! ఎనిమిది వేల నూట తొంభై ఒకటనే అభాజ్యసంఖ్య కూడా భాగిస్తుంది! ఎంత సొగసైన సంఖ్య!”

“సొగసు తరవాత. ముందు ఎల్లి మా నాన్నకి సెప్పండి.”

“నువ్వే చెప్పరాదూ?”

“నేను సెప్తే కూతురు ఓదారుస్తోందనుకుంటారు. తప్పన్న నోరే ఒప్పనాల.”

ఇంట్లో పంతులుగారు భోజనం ముట్టక దేవుని దీపం ముందు కూర్చుని ఉన్నారు. సూర్యారావు సాష్టాంగపడ్డాడు.

“నా పరువు మాట విడిచిపెట్టు, బాబూ. అది మా గురువుగారు బాల్యంలో నాచేత వల్లె వేయించిన సంఖ్య. కారణమడగక నమ్మాను. ఆయన వాక్కు అసత్యమైతే నేనిక ఎవరికి మొక్కాలి?”

“అసత్యం నాదండీ!” సూర్యారావు ముగ్గుపిండితో నేలపై మూడు వరుసల చుక్కలు పెట్టాడు. “రెండు, నాలుగు, ఎనిమిది. కూడితే పద్నాలుగు, తరువాతి వరుస పదహారుకు రెండు తక్కువ. చివరిదాకా ఇదే క్రమం. మీ గురువుగారి సంఖ్యలో ఒక్క అంకె కూడా పొల్లు కాదు.”

పంతులుగారు చుక్కలను వేలితో తాకి లెక్కించారు. దీర్ఘంగా శ్వాస విడిచి, “గురుదేవా!” అని కన్నులు తుడుచుకున్నారు. పిమ్మట ఆయన ముఖాన చిరునవ్వు మొలిచింది.

“ఇరవై ఆరు దాటితే దండకం, నాయనా. దానికి అంతులేదు. మా అమ్మాయి కోపం కూడా దండకమే. వినగలవా?”

“ఇందాక చూరు కింద కొంత విన్నానండి.”

“అది పీఠికే!” తలుపు చాటునుంచి రామతులసి నవ్వింది.

“తాంబూలాల మాట రేపు చూద్దాం. అమ్మా, ఆకలి దహిస్తోంది. ముందు మా ఇద్దరికీ వడ్డించు” అన్నారు పంతులుగారు.