వెంటపిట్ట

2064 వేసవిలో మక్తల్ ఆకాశం ఒక్కసారిగా బోసిపోయింది. పదిహేనేళ్లుగా ప్రతి మనిషి నెత్తి వెనకా పిడికెడంత డ్రోను ఒకటి గుయ్యిమంటూ తిరిగేది. బడికి పోయే పిల్లల వెనక, కూలీల వెనక, పెళ్లిపీటల మీద కూర్చున్నవాళ్ల వెనక కూడా. జనం దానికి వెంటపిట్ట అని పేరు పెట్టుకున్నారు. అది ముఖం చూసి మనిషిని గుర్తుపట్టదు, నడక చూసి గుర్తుపడుతుంది. నేల మీద కాలు ఆనే తీరు ఒక్కొక్కరిది ఒక్కో రకం కదా, దాన్ని కెమెరాతో చదువుకుని యజమాని ఎటు పోతే అటు పోతుంది. ఎండ తగిలితే చాలు, వేరే తిండి అక్కర్లేదు.

చిక్కల్లా ఒక్కటే, అది మన దేశంలో తయారైంది కాదు. అది చూసిందంతా సముద్రం అవతలి కంప్యూటర్లకు చేరుతోందని సర్కారుకు అనుమానం వచ్చింది. విదేశీ కెమెరా డ్రోన్లన్నీ నెలాఖరులోగా అప్పజెప్పాలి, బదులుగా స్వదేశీ పిట్ట ఇస్తాం అన్నారు. పదిహేనేళ్లూ ఆ అనుమానం ఎక్కడ నిద్రపోయిందో ఎవరూ అడగలేదు.

సేకరణ కేంద్రంలో తాయప్ప కూర్చున్నాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, ఆ పిట్టల విరిగిన రెక్కలు అతికించే బతికినవాడు. ఇప్పుడు అవే చేతులతో వాటిని నుజ్జుయంత్రంలో వేయడం అతని ఉద్యోగం.

ఆ రోజు సాబవ్వ కొంగులో చుట్టుకుని ఒక పిట్టను తెచ్చింది. పక్కన భర్త నింగప్ప. గొర్లకాపరి. నాలుగేళ్ల కింద మతిమరుపు మొదలై, ముందు పేర్లు పోయాయట, తర్వాత ఆమె ముఖం పోయింది. మందను అమ్మేశారు. అయినా పొద్దున్నే కట్టె పట్టుకుని బీళ్లకు బయల్దేరతాడు, పొద్దుగూకేసరికి ఇల్లు చేరతాడు. అంతా ఈ పిట్ట చలవేనని ఆమె చెప్పుకుంది.

"ఇది లేకుంటే ఆయన నాకు లేడు నాయనా," అంది.

కొత్తది ఇంకా చురుకైనదని తాయప్ప ధైర్యం చెప్పాడు. నింగప్పను వాకిట్లో నాలుగడుగులు నడిపించి స్వదేశీ పిట్టను వదిలాడు. అది చటుక్కున నడక పట్టుకుని ఆయన తల వెనక నిలిచింది. ఆయన కదల్లేదు. ఎదురుగా ఉన్న ఖాళీ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. పిట్టా కదల్లేదు. నిమిషాలు గడిచాయి.

వరసలో ఉన్న పెళ్లిళ్ల వీడియోగ్రాఫరు నవ్వాడు. "ఇదేం పెండ్లిచూపులే తాయప్పా, ఇద్దరూ సిగ్గుపడుతున్నరు."

తాయప్పకు ఏదో తట్టింది. పాత పిట్టను తనిఖీ యంత్రానికి తగిలించాడు. యంత్రం ఎప్పటిలాగే, అరవకుండా, కసరకుండా చెప్పింది: "కెమెరా పనిచేసిన చివరి నెల, 2060 మార్చి. తర్వాత చిత్రాలు లేవు."

"మరి నాలుగేండ్లు ఎవరి వెనక తిరిగింది?"

"ఎవరి వెనకా తిరగలేదు. కన్ను పోయిన పిట్ట రోజూ, అంతకుముందు నేర్చుకున్న తోవలోనే, నేర్చుకున్న వేగంతోనే పోయి ఇల్లు చేరుతుంది."

తాయప్ప యంత్రం నుంచి పిట్టను విడదీశాడు. తర్వాత మెల్లగా సాబవ్వ దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, ఇది ఆయన ఎనక పోలే. ఆయనే దీని ఎనక పోయిండు."

ఆమె భర్త వంక చూసింది. ముప్పై ఎనిమిదేళ్ల సంసారంలో ఎవరి వెనకా నడవని మనిషి అని, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో అంది. కొత్తదాన్ని ముందు పొమ్మని చెప్పరాదా అని అడిగింది. కుదరదన్నాడు తాయప్ప. యజమాని కంటే ముందు, మనిషి లేని చోటికి దాని కన్ను పోగూడదని స్వదేశీ పిట్టకు సర్కారు కట్టడి. పాతదాన్ని జేబులో వేసుకుందామా అనిపించింది గానీ, యంత్రం అప్పటికే దాని నంబరు పై ఆఫీసుకు పంపేసింది. నింగప్ప చూడని అదను చూసి, నుజ్జుయంత్రంలో వేశాడు.

సాబవ్వ ఒక్క మాట అడిగింది. "తోవల ఆగి, ఆయనొస్తుండా లేదా అని అది తిరిగి జూసేదా?"

"లేదవ్వా. దానికి కండ్లే లేకపాయె."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. పోయి భర్త ఎదుట, ఆయనకు వీపు చేసి నిలబడింది. ఎన్నడూ నిలబడని చోటు అది. మంద ముందు ఆయన, మంద వెనక గొర్రెపిల్లలను చంకనేసుకుని ఆమె, ఇన్నేళ్లూ అదే వరస. ఆయన నడక చూసీ చూసీ ఆమెకు కంఠతా వచ్చింది. ఎడమ మడమ కొంచెం ఈడ్చి, కుడికాలు గట్టిగా ఆనించి, అచ్చం ఆయనలాగే నడవసాగింది.

గేటు దాకా పోయింది. వెనక్కి చూడలేదు.

వరసలో ఎవరూ నవ్వలేదు. నింగప్ప ఇంకా ఆకాశంలోనే వెతుకుతున్నాడు. గేటు దాటుతూ ఆమె తల తిప్పకుండానే అడిగింది.

"వస్తుండా నాయనా?"

తాయప్ప అబద్ధం చెప్పబోయాడు. అంతలో నింగప్ప చూపు కిందికి దిగి, దుమ్ములో కదిలే ఆ మడమల మీద వాలింది. కట్టె ఒకసారి నేలకు తాటించి, ఎడమ కాలు ఈడ్చాడు.

"వస్తుండవ్వా. నువ్వు నడువు."

మలుపు దగ్గర ఆమె మళ్లీ అడుగుతుందని అతనికి తెలుసు. వరసను అట్లాగే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా, నాలుగడుగుల ఎడంలో వాళ్ల వెనక నడిచాడు.