రేవు ఫొటోలో కాళ్లులేని మనిషి

చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్లూ ఇప్పుడే ఊడిపడాలి.

పాత రేవు ఆఫీసంటే పట్టపగలు కాకులు కూడా చుట్టు తిరిగి పోయేవి. కారణం — గోడమీది ఫొటో. వీధిగుమ్మమంత ఫొటో! అందులో రేవుంది, ఓడలున్నాయి, గోదాములున్నాయి, మూటల కొండలున్నాయి... మోసేవాడు ఒక్కడూ లేడు. కుర్చీలో ఒక ఆఫీసరు. ఆయన పక్కన ఇంకొకడు — నడుం దాకానే ఉన్నాడు, కాళ్లు లేవు! వాడి పొట్టలోంచి వెనక గోడ ఇటుకలు కనిపిస్తాయి.

"మూట మీదపడి పోయిన కూలీ..." అని గుసగుసలు. వాణ్ణి చూసి పారిపోయిన కాపలావాళ్లని వరసగా నిలబెడితే సముద్రం అవతలి ఒడ్డు తగిలేది.

చివరికి ఆ ఉద్యోగం మా మరిదికి తగిలింది. మా తోడికోడలు గుమ్మంలోనే చెప్పేసింది: "ఈ పనీ పోగొట్టుకొచ్చారంటే, ఆ దెయ్యం దాకా అక్కర్లేదు. నేను చాలు."

మొదటి రాత్రి. లాంతరు రెపరెపలాడుతోంది. ఫొటో గోడకి టక్... టక్... మావాడు కుర్చీకి అతుక్కుపోయాడు.

తెల్లవారుజామున తలుపు కిర్రుమంది. లోపలికొచ్చింది...

తల లేదు. నల్లగుడ్డ. దాని కింద — మూడు కాళ్లు!

"బాబూ..." అంది గుడ్డ, మెల్లగా.

మావాడు ఫొటో కేసి వేలు చూపించాడు. "నీకెక్కువైంది వాడికిచ్చేసి పో నాయనా... నన్నొదిలెయ్!"

గుడ్డ తొలిగింది. చూస్తే ఊళ్లో ఫొటో స్టూడియో ఆయన! ముందు పాత పెట్టె కెమెరా, దాని మూడుకాళ్ల స్టాండు వెనక ఆయన కాళ్లు.

"దెయ్యమా నా మొహమా!" అని పడీపడీ నవ్వాడు. "ఈ కెమెరా కన్ను చాలాసేపు తెరిచుంచాలి. అంతసేపూ కదలనివాడే ఫొటోలో పడతాడు. ఆరోజు రేవు నిండా కూలీలే. మూటలు మోస్తున్నారుగా, ఒక్కడూ పడలేదు. కుర్చీలో ఆయన కదల్లేదు, నిండుగా పడ్డాడు. పక్కాయన కాళ్లాడిస్తూ కాసేపు నించుని పనిలోకి పోయాడు, సగం పడ్డాడు. ఇవాళ ఇదే కెమెరాతో అచ్చం అలాంటిదే తియ్యమని మీ ఆఫీసరు హుకుం."

తెల్లారేసరికి ఆఫీసర్లంతా కోట్లేసుకుని దిగారు. "కదలకండి" అన్నాడు స్టూడియో ఆయన. వాళ్లకది నేర్పాలా! వాళ్ల దగ్గర ఫైలే కదిలి పుష్కరమైంది. పెదవి కదపకుండానే "మంచినీళ్లోయ్", "విసనకర్రోయ్" అంటుంటే మావాడు బొంగరంలా తిరిగాడు.

ఫొటో వచ్చింది. ఆఫీసర్లు కోటు గుండీలతో సహా పడ్డారు. పెద్దాఫీసరు కళ్లజోడు సవరించుకుని, "కాపలావాడేడీ? డ్యూటీ ఎగ్గొట్టాడన్నమాట!" అన్నాడు.

"అయ్యా, మీకు నీళ్లిచ్చింది నేనేగా!"

"అంటే ఫొటో అబద్ధం చెబుతోందా?"

సాయంత్రానికి ఉద్యోగం ఊడింది.

అదిగో, అప్పట్నుంచీ మా వసారాలో కుర్చీలోనే ఉన్నాడు. రెప్ప కూడా వెయ్యడు. "అలవాటు చేసుకుంటున్నా వదినా, మళ్లీ తీస్తే నిండుగా పడాలి" అంటాడు. మా తోడికోడలు వాడి భుజాల మీద తడిబట్టలు ఆరేస్తోంది. ఇంట్లో ఏ పని చెప్పినా ఉలకడు, పలకడు.

అంచేత... నోరు తెరుచుకుని చూస్తావేమే మనవరాలా? ఈ సీసా పట్టుకెళ్లి కొట్లో కిరసనాయిలు పట్రా. పరుగెత్తు! ఫొటోలో పడకపోతే మానె.