లాగిన్ అవుతున్నది మీరేనా?

నీళ్ల కంట్రోల్ రూమ్ ఇంజనీరు గారిని పట్టపగలు లారీ గుద్ది చంపింది. అది యాక్సిడెంట్ కాదని సీక్రెట్ సర్వీసుకు ఆ పూటే తెలిసింది.

"ఆయన పాస్‌వర్డ్ విదేశీ ముఠాకి దొరికింది," అన్నాడు చీఫ్. "వాళ్లు లోపలికి పోదామని చూసినప్పుడల్లా 'మీరేనా?' అని ఆయన ఫోన్ అడిగేది, ఆయన 'కాదు' నొక్కేవాడు. అందుకే చంపారు. ఫోన్ ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు ఎవరైనా 'అవును' నొక్కితే, నీళ్లలో మందు పాళ్లు వాళ్లిష్టం. ఊరంతా విషమే."

"అకౌంట్ మూసెయ్యొచ్చుగా సార్?" అన్నాడు ఏజెంట్ డేగ.

"ఫైలు పైకి వెళ్లిందయ్యా. సంతకం కాలేదు."

ఎంత చోద్యమండీ! పోయిన మనిషి గేటు పాసు వెంటనే లాక్కున్నారు, కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. తాళం మాత్రం ఆయన పేరునే వదిలేశారు.

గ్యాస్ మెకానిక్ వేషంలో, బొత్తాంలో కెమెరాతో డేగ ఇంజనీరు గారి ఇంటికి వెళ్లాడు. సోఫాలో ఇల్లాలి చెయ్యి పట్టుకుని ఎవరనుకున్నారు? ఏజెంట్ నెమలి! డేగతో ఒకే కంచంలో తిన్న పిల్ల. నల్ల కళ్లద్దాలు, గుప్పుమనే సెంటు.

"పైపు తుప్పు పట్టిందా అమ్మా?" అన్నాడు డేగ. సర్వీసు కోడ్ అది. 'వానకి పట్టింది' అని జవాబు రావాలి. నెమలి మొహం తిప్పుకుంది. అమ్ముడుపోయిందన్నమాట!

ఫోన్ మోగింది. లాగిన్ అవుతున్నది మీరేనా?

"అవును నొక్కండి పిన్నిగారూ. లేకపోతే బాబాయిగారి ఫోటోలన్నీ పోతాయి," అంది నెమలి.

"వద్దు! 'కాదు' నొక్కమ్మా!" అన్నాడు డేగ.

"కాదని ఎలా నొక్కను నాయనా?" అంది ఇల్లాలు. "వచ్చినవాళ్లంతా 'ఆయన పోయారు, పోయారు' అనే అంటున్నారు. మీరేనా అని ఆయన్ని అడిగింది ఈ ఫోనొక్కటే."

నెమలి పర్సులోంచి పిస్టల్ తీసి డేగకి గురిపెట్టింది.

ఇల్లాలు నివ్వెరపోయింది. "ఓదార్చడానికి వచ్చి తుపాకీ తీస్తావేమే!"

"కాదన్నందుకే వీళ్లు ఆయన్ని చంపారమ్మా," అన్నాడు డేగ. "చివరిదాకా ఆయన నొక్కింది 'కాదు' అనే."

స్క్రీన్ మీద గడువు అయిపోతోంది. ఆవిడ కళ్లు మూసుకుని 'కాదు' నొక్కింది. డేగ ఎగిరి నెమలి మణికట్టు విరిచాడు. గుండు గోడలో దిగింది.

మర్నాడు ఫైలు మీద సంతకమైంది. అకౌంట్ మూయడానికి ఒక్కటే అడ్డంకి. అకౌంటు గలాయన తన ఫోన్‌లో 'అవును' నొక్కాలట!

డేగ తలదించుకుని ఫోన్ ఆవిడ ముందు పెట్టాడు. "ఈసారి అవునేనమ్మా."

"పోయాక గానీ ఆయన మాట చెల్లలేదన్నమాట మీ ఆఫీసుల్లో," అని ఆవిడ నొక్కింది.