నిండా పోసిన టీ

"బతికున్నాడో లేదో చూసి పోదామని వచ్చావా?"

తలుపు తీస్తూనే మీరిమ్ అన్న మొదటి మాట అది. వానలో ముద్దయిపోయిన ఎల్దియార్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. మొన్నమొన్నటి దాకా ఈ పిల్లే కారకోల్ ఊరి బజారులో తను పనిచేసే మందుల షాపు కిటికీలోంచి, ఎదురుగా ఉన్న అతని మూలికల కొట్టు వైపు చూసి, "ఏం గడ్డి డాక్టరూ, బేరాలున్నాయా?" అని ఆటపట్టించేది.

పోయిన వారం ఆమె తండ్రి అసన్‌కుల్ ఆ కొట్టుకొచ్చాడు. భార్య పోయినప్పటి నుంచీ నిద్రమాత్ర వేసుకున్నా ఆయనకి కంటి నిండా నిద్ర లేదు. వచ్చింది మీరిమ్ వాళ్ళ నాన్నేనని తెలియగానే ఎల్దియార్ బుర్ర పనిచేయడం మానేసింది. నిద్ర పట్టడానికి గుప్పెడు ఇవ్వాల్సిన వలేరియన్ మొక్క వేళ్ళు రెండు దోసిళ్ళు పొట్లం కట్టి, డబ్బులు కూడా వద్దన్నాడు. ఇంకేం మందులు వాడుతున్నారని మాత్రం అడగలేదు.

ఆయన ఆ వేళ్ళు చిక్కగా మరిగించి తాగి, పైన ఎప్పటి మాత్రా వేసుకున్నాడు. తెల్లవారి మత్తు వదలక వాకిట్లో మెట్ల మీంచి పడ్డాడు. చెయ్యి విరిగింది.

"నిద్రమాత్రతో కలిపి అది తాగకూడదని తెలీదూ నీకు?"

"తెలుసు. మీ నాన్నగారనేసరికి... మంచివాడనిపించుకుందామని..."

"బాగా అనిపించుకున్నావ్!" మీరిమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "షాపుకొచ్చిన ప్రతివాళ్ళనీ ఇంకేం వాడుతున్నారని అడుగుతాను. ఇంట్లో మనిషినే అడగలేదు. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆయనొక్కడే."

"తల్లీ, వచ్చినవాణ్ణి లోపలికి రానీ," అన్నాడు అసన్‌కుల్ లోపల్నుంచి.

మీరిమ్ టీ పోసింది. ఉండమనే మనిషికి ఆ ఊళ్ళో గిన్నెలో సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి. ఇక వెళ్ళమని చెప్పాలంటే నిండా పోస్తారు. ఆమె అంచు దాకా పోసింది.

"క్షమించండి బాబాయ్. వస్తాను," అని ఎల్దియార్ లేచాడు.

అసన్‌కుల్ కట్టు లేని చేత్తో ఆ గిన్నె అందుకుని సగం తాగేసి, మిగిలింది అతని ముందుకు తోశాడు.

"కూర్చో అబ్బాయ్. మా పిల్ల ఎవణ్ణి చూసి మళ్ళీ నవ్వుతోందో చూద్దామనే నీ కొట్టుకొచ్చా. మాత్రలు మింగుతానని నీతో చెప్పడానికి సిగ్గేసింది. తప్పు నీ ఒక్కడిదే కాదు."

ఎల్దియార్ తలొంచుకుని ఆ సగం తాగాడు. మీరిమ్ కేటిల్ ఎత్తింది. అతను ఆమె చేతినే చూస్తున్నాడు.

సగానికి వచ్చాక ఆ చెయ్యి ఆగింది.

"నువ్వేమైనా మందులు వాడుతున్నావా?" అంది మీరిమ్. మొహంలో నవ్వు లేదు.

"లేదు."

"అయితే తాగు."