ఖాళీ ఇంటి డబ్బాలో గుప్పెడు బియ్యం

చీకటి పడిందంటే చాలు, నాలుగేళ్ళపాటు మా ఊళ్ళో ఒక్కడు కూడా గియార్తో కొత్తింటి ముందునుంచి నడవలేదు. సంతకి పోయి ఆలస్యంగా తిరిగొచ్చేవాళ్ళు సైతం పొలం గట్టు మీదకి దిగి, చెప్పులు చేతపట్టుకుని, మోకాలి లోతు బురద తొక్కి, చుట్టు తిరిగి ఇళ్ళకి చేరేవాళ్ళు.

పాముని తోకపట్టి విసిరేసే మగాళ్ళు మావాళ్ళు. ఆ ఇంటి పేరెత్తితే మాత్రం మాట మార్చేవాళ్ళు.

చూడ్డానికి బంగళానే. గోడకి ఆకుపచ్చ టైల్సు. గుమ్మానికి అటొకటి ఇటొకటి లావుపాటి స్తంభాలు, వాటికి బంగారు రంగు. మనిషెత్తు అద్దం కిటికీ. కానీ లోపల దీపం లేదు... మనిషి లేడు. తలుపుకి ఎప్పుడూ తాళమే.

"ఆడది," అనేవాడు గియార్తో, గొంతు బాగా తగ్గించి. "తెల్లబట్టలు. జుట్టు మోకాళ్ళ దాకా. పునాది తవ్వినప్పుడు లేచింది. నన్నే ఉండనివ్వడం లేదు... ఇక మీరెంత?"

అందుకే వాడు వాళ్ళమ్మ ఇంట్లో పడుకునేవాడు. దెయ్యాలు తిరుగుతాయనే శుక్రవారం ముందు రాత్రి మాత్రం తప్పకుండా వెళ్ళి, గుమ్మం ముందు పూలు పెట్టి, సాంబ్రాణి పొగ వేసి వచ్చేవాడు. ఆ వాసన గాలికి ఊళ్ళోకి వచ్చేది. అది ముక్కుకి తగలగానే పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు బిగించుకునేవాళ్ళం.

వాడి పెళ్ళాం జుమిలా తైవాన్‌లో ఉండేది. ఎవరో మంచం పట్టిన ముసలమ్మని ఐదేళ్ళుగా ఎత్తడం, దించడం ఆవిడ పని. స్థలం జుమిలాకి వాళ్ళ నాన్న రాసిచ్చింది. ఇల్లు జుమిలా రెక్కల కష్టం. దెయ్యం గురించి చెప్పే హక్కు ఒక్కటే గియార్తోది.

మధ్యలో ఒకసారైనా వచ్చి పోతానంటే వాడు వద్దన్నాడట. "టిక్కెట్ దండగ. స్లాబు పడాలి ముందు," అన్నాడట. పిచ్చిది, నమ్మి ఆగిపోయింది.

ఇక ఆ రాత్రి సంగతి.

ఊరి కాపలా పందిరి పక్కనే నా కొట్టు. కాఫీ, టీ, పులియబెట్టిన సోయా గింజల టెంపే బజ్జీలు. మా ఊళ్ళో ప్రతి ఇంటి గేటుకీ ఒక చిన్న రేకు డబ్బా వేలాడుతుంది. పొద్దుగూకాక ఇంటివాళ్ళు అందులో గుప్పెడు బియ్యం వేస్తే, రాత్రి గస్తీ తిరిగేవాళ్ళు సంచిలోకి ఒంపుకుంటారు. కాపలా ఖర్చుకి ఊరు ఇచ్చుకునే వంతు అది.

వాన వెలిసింది. కప్పలు ఒకటే గోల. పర్మిన్, సమిజో సంచి భుజాన వేసుకుని గస్తీకి బయల్దేరారు. పట్టుమని పది నిమిషాలు కాలేదు... వెనక్కి వచ్చేశారు. పర్మిన్ చేతిలో టార్చి వెలుగు నా బజ్జీల మీద వణికిపోతోంది.

"తుమినక్కా... కాఫీ పొయ్యి."

"అప్పుడే తిరిగొచ్చారేంట్రా? సగం ఊరైనా అయిందా?"

"డబ్బాలో బియ్యం ఉన్నాయక్కా."

"డబ్బాలో బియ్యం గాక బంగారం ఉంటుందా?"

"ఆ ఇంటి డబ్బాలో."

ఏ ఇల్లో చెప్పలేదు. గడ్డం ఎత్తి అటు చూపించాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ డబ్బా తుప్పు పట్టి, వాననీళ్ళు నిండి, అందులో ఒక కప్ప కాపురం ఉండటం నేను పగటిపూట చూసిందే. నాలుగేళ్ళలో ఒక్క గింజ పడలేదు అందులో.

"కడిగి పెట్టి ఉంది," అన్నాడు సమిజో, గుసగుసగా. "గుప్పెడు బియ్యం. పొడిగా... ఇప్పుడే వేసినట్టు."

"వెలుగు సంగతి చెప్పు," అన్నాడు పర్మిన్.

"లోపల వెలుగుంది అక్కా. పైనుంచి కాదు. నేలలోంచి... పైకి వస్తోంది."

బెంచీ మీద డొమినో ముక్కలు పేర్చుకుంటూ కూర్చున్న గియార్తో అప్పుడు నవ్వాడు. ఊరంతా వణికే మాటకి వాడొక్కడే నవ్వాడు!

"దెయ్యం కాపలా బియ్యం వేసిందా? బాగుంది. రేపు పంచాయితీకి కూడా పిలుద్దాం."

"నవ్వకు గియార్తో. శుక్రవారం ముందు రాత్రి ఇది," అన్నాడు పర్మిన్. వాడికి రోషం వచ్చింది. "ఇలా ఎన్నాళ్ళు భయపడి చస్తాం? పందిరిలో డోలు కొట్టి ఊళ్ళో మగాళ్ళందర్నీ లేపుతా. అందరం కలిసి లోపలికి పోయి చూద్దాం. ఏముందో తేలిపోతుంది."

గియార్తో నవ్వు అక్కడితో సరి.

"లోపలికా? వద్దొద్దు... ఎవరూ లోపలికి పోకండి. దానికి కోపం వస్తే పిల్లల మీద పడుతుంది. నేనొక్కణ్ణే పోతా."

"ఒక్కడివే?"

"నా మాట వింటుంది అది. నాకు అలవాటే."

చీకట్లో ఒంటేలుకి పోవాలంటే వాళ్ళమ్మని తోడు లేపుకునే మనిషి వాడు. వాడికి ఇంత గుండె ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నేను నోరు తెరిచాను. గియార్తో పర్మిన్ చేతిలోంచి టార్చి లాక్కుని, ఈల వేసుకుంటూ, లుంగీ ఎగ్గట్టి నడిచి వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది వాడి నోటినుంచే ముక్కలు ముక్కలుగా విన్నాం. కలిపి చెబుతున్నాను.

గేటు దాకా ఈల వేస్తూనే ఉన్నాడట. డబ్బాలో చెయ్యి పెట్టాడు... నిజమే. బియ్యం.

తలుపుకి తాళం వేసింది వేసినట్టే ఉంది. ఎవడో దొంగ, టైల్సు ఊడబెరుక్కుపోవడానికి వచ్చాడనుకున్నాడు. ఒక కర్ర దొరకబుచ్చుకున్నాడు.

అప్పుడు వినిపించింది—

గొణుగుడు. ఆడగొంతు. మాటలు తెలియడం లేదు. ఆగుతోంది... మళ్ళీ మొదలవుతోంది.

టార్చి ఆర్పేశాడు. గోడ పట్టుకుని, వెదురు పొద పక్కనుంచి, అడుగులో అడుగు వేసుకుంటూ ఇంటి వెనకవైపుకి చేరాడు. మెడ చాచి తొంగి చూశాడు.

తలమీదనుంచి నేలదాకా ఒకటే తెలుపు.

నేలమీద వెలుగు. ఆ వెలుగు ముందు అది నుదురు నేలకి ఆనించి పడి ఉంది. మెల్లగా లేచింది. మళ్ళీ వాలింది. మళ్ళీ లేచి... మోకాళ్ళమీద కూర్చుంది. కదలదు. మెదలదు. గొణుగుడు కూడా ఆగిపోయింది.

కప్పలు కూడా ఆగిపోయాయన్నాడు వాడు. నేను నమ్మను. అయినా వాడి చెవులకి అలా అనిపించి ఉండొచ్చు.

అప్పుడు దాని తల తిరిగింది. ముందు కుడివైపు... మెల్లగా, పూర్తిగా. ఆగింది.

తర్వాత ఎడమవైపు.

ఎడమవైపే వాడు నిలబడి ఉన్నాడు.

కిందనుంచి పడే వెలుగులో బుగ్గ ఎముక, కంటిగుంత, తెల్లటి పెదాలు. ఆ పెదాలు కదిలాయి.

"వచ్చారా?" అంది. నెమ్మదిగా, మర్యాదగా. "మీకోసమే చూస్తున్నాను."

మాకు ముందు అరుపు వినిపించింది. తర్వాత గేటు విరిగిన చప్పుడు. ఆ తర్వాత పర్మిన్ మొన్ననే నాటిన మడిలో ఎవరో పడి, లేచి, మళ్ళీ పడుతున్న చప్పుడు. సమిజో దొరికిన కర్రతో డోలు బాదడం మొదలుపెట్టాడు. ఇళ్ళల్లో దీపాలు వెలిగాయి.

గియార్తో వచ్చి కాపలా పందిరి గుంజని కౌగిలించుకున్నాడు. ఒంటినిండా బురద. కాళ్ళకి చెప్పుల్లేవు, నడుముకి లుంగీ సగమే ఉంది.

"నేనే కల్పించా... నేనే కల్పించా!"

"ఏంట్రా కల్పించావ్?" పర్మిన్ వాడి భుజాలు పట్టి ఊపాడు.

"దెయ్యాన్ని! అసలు లేదది. అబద్ధం. నేను చెప్పిన అబద్ధం... నిజంగా వచ్చి కూచుంది పర్మిన్! నేను చెప్పినట్టే ఉంది! తెల్లగా!"

"ఎందుకు కల్పించావ్?"

"లోపలికి ఎవరూ రాకూడదని! లోపలేముందని రావడానికి? ముందు గోడ ఒక్కటే కట్టా. ఫోటో పంపడానికి. వెనకాల ఏమీ లేదు. గదుల్లేవు, వంటిల్లు లేదు, పైకప్పు లేదు..."

ఈసరికి ఊరు సగం మూగింది.

"మరి అన్నేళ్ళు ఆవిడ పంపిందంతా?" అన్నాను నేను.

వాడు తల వంచుకున్నాడు.

"పావురాలు," అన్నాడు.

అవును, పావురాలు. పందేల పావురాలు. వాళ్ళమ్మ పెరట్లో కొబ్బరిచెట్టంత ఎత్తు వెదురు మంచె కట్టి, వాటికి తేనె, కోడిగుడ్డు సొన తినిపించి, రాజకుమారుల పేర్లు పెట్టి పెంచాడు. అక్కడ తైవాన్‌లో ఆవిడ పరాయి ముసలమ్మ పక్కబట్టలు ఉతికింది. ఇక్కడ ఆవిడ ఇటుకలన్నీ రెక్కలొచ్చి ఎగిరిపోయాయి.

నేను తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడే...

"అక్కా," అన్నాడు సమిజో. డోలు ఆపేశాడు. "అటు చూడు."

దారిమీద తెల్లగా ఏదో వస్తోంది.

పరిగెత్తడం లేదు. తేలుతున్నట్టు, తిన్నగా, మా వైపే. దాని వెనకాల ఏదో గరగరా ఈడ్చుకొస్తోంది. మూగిన జనం ఎటు వాళ్ళటు పారిపోయారు. పర్మిన్ నా బల్ల కిందకి దూరాడు. ఆ పాముని తోకపట్టే పర్మినే! గియార్తో గుంజ ఎక్కబోయి జారి కింద పడ్డాడు.

నేనూ పారిపోదామనుకున్నా, అబద్ధమెందుకు. కానీ నా ముందు మూకుడు నిండా మరిగే నూనె ఉంది. ఏ దెయ్యమైనా నూనె దాటి రావాల్సిందే కదా అని గరిటె పట్టుకుని నిలబడ్డాను.

అది బల్బు వెలుగులోకి వచ్చింది. చక్రాల పెట్టె పక్కన నిలబెట్టింది. బెంచీమీద కూర్చుని, తలమీది తెల్లబట్ట వెనక్కి తోసింది.

కత్తిరించిన జుట్టు. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు. చిట్లిన ముందుపన్ను.

"తుమినక్కా, వేడిగా టీ ఉందా?" అంది జుమిలా. "పొద్దుటినుంచి ఏమీ తినలేదు."

ఆ తెల్లబట్ట ఏమిటంటారా? నమాజుకి మా ఆడవాళ్ళం తలనుంచి పాదాల దాకా వేసుకునేదే. చివర్లో కుడికీ ఎడమకీ తల తిప్పి సలాం చెప్పడం ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. గియార్తో నమాజు చేసి ఎన్నేళ్ళయిందో పాపం, గుర్తుపట్టలేకపోయాడు.

ముసలమ్మ పోయిందట. పని అయిపోయింది. చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామనుకుంది. పొద్దుగూకే వేళ, అందరూ లోపల ఉన్నప్పుడు, అద్దె మోటార్‌సైకిల్ మీద దిగింది.

"తాళంచెవి నా దగ్గర లేదుగా," అంది, రెండు చేతుల మధ్య గ్లాసు పట్టుకుని. "వెనక తలుపు తీసి ఉందేమోనని చుట్టు తిరిగా. తలుపూ లేదు, గోడా లేదు. కర్రపెండలం చేను. తుప్పు పట్టిన ఊచలు నాలుగు." ఒక గుటక తాగింది. "నమాజు చేసుకుని తీరిగ్గా ఏడుద్దామనుకున్నా అక్కా. సెల్ ఫోన్ దీపం నేలమీద పెట్టుకున్నా. ఏడుపు రాలేదు."

"మరి డబ్బాలో బియ్యం?" అన్నాడు పర్మిన్, బల్ల కిందనుంచే.

"బస్టాండులో కొన్నా, వండుకుందామని. పొయ్యి ఎక్కడుంది వండటానికి? ఇల్లెలా ఏడిస్తే ఏం, ఊరి వంతు ఊరికి ఇవ్వాలిగా."

పర్మిన్ బల్ల కిందనుంచి మెల్లగా బయటికి జరిగాడు.

జుమిలా నావైపు తిరిగింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నాలుగేళ్ళు అక్కా... ఇంత ఊళ్ళో ఒక్కరైనా ఇంటి వెనక్కి పోయి చూడలేదా?"

గేటునుంచి వెనక్కి పది అడుగులు. వెదురు పొద పక్కనుంచి మెడ చాస్తే చాలు. మా మగాళ్ళని పిరికిపందలని నేను తిట్టని రోజు లేదు. సంతనుంచి వచ్చేటప్పుడు చెప్పులు చేతపట్టుకుని బురద తొక్కినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"ఇంకో బజ్జీ వేసుకో," అన్నాను.

జనం ఒక్కొక్కరే తిరిగొచ్చి దూరంగా నిలబడ్డారు. గియార్తో తల్లి కూడా వచ్చింది. కొడుకుని ఒకసారి పైనుంచి కిందికి చూసింది, ఇంటికి పోయి లోపల గడియ పెట్టుకుంది. ఆ చప్పుడు మా అందరికీ వినిపించింది.

గియార్తో మోకాళ్ళమీద జరుగుతూ బెంచీ దగ్గరికి వచ్చాడు.

"జుమిలా... తప్పైపోయింది. రేపే పావురాలన్నీ అమ్మేస్తా. మేస్త్రీని పిలుస్తా."

ఆమె టీ తాగుతోంది.

"మా అమ్మ కూడా తలుపేసుకుంది. నా గతేం కాను? ఈ రాత్రి ఎక్కడ పడుకోను?"

జుమిలా గ్లాసు కింద పెట్టింది. పదిహేనేళ్ళ కాపురంలో మొగుణ్ణి "మీరు" అని తప్ప పిలిచి ఎరగని మనిషి. ఆ రాత్రి ఊరందరి ముందూ మొదటిసారి "నువ్వు" అంది.

"వెనక గది కట్టించానని పోయిన నెల ఫోన్‌లో చెప్పావుగా నువ్వు. తూర్పున కిటికీ పెట్టించానని, గాలి హాయిగా వస్తుందని. మంచం కూడా వేయించానన్నావు."

టెంపే బజ్జీ ఒకటి అందుకుని, విరిచి, ఊది, నోట్లో పెట్టుకుంది.

"పో. పోయి అందులో పడుకో."

ఆకాశం ఉరిమింది. చినుకులు మొదలయ్యాయి.